పారిజాతం: పువ్వు కాదు, చెట్టు

(ప్లాటినం జూబిలీ సభలో ఒక విశ్రాంత తెలుగు పండితుని ప్రసంగ పాఠం)



భూమిమీద ఎన్నడూ పూయని ఒక పువ్వును గురించి నాలుగు మాటలు విన్నవించుకొంటాను. అది దేవలోకపు పారిజాతం. మన పెరళ్లలో రాత్రి విచ్చి, తెల్లవారేసరికి రాలిపోయే ఎర్రకాడ తెల్లపువ్వుకూ ఆ పేరే ఉన్నది. కాని కవులు వర్ణించిన పారిజాతం వాడదు. దాని పరిమళం తరగదు. అది పాలకడలిలో పుట్టి ఇంద్రుని నందనవనం చేరినదని పురాణప్రసిద్ధి.

దానిని తెలుగువారికి చిరపరిచితం చేసిన మహాకవి నంది తిమ్మన. 1509 నుండి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలకు ఆయన తన ఐదాశ్వాసాల ‘పారిజాతాపహరణము’ను అంకితమిచ్చాడు. రాయల రాజధాని మన బళ్లారికి పొరుగుననున్న హంపియే. ఆ తెలుగుపువ్వు ఈ కన్నడసీమలోనే ఆదరణ పొందినదన్నమాట!

కథ మీరెరిగినదే. నారదుడు తెచ్చిన ఒక్క పువ్వును కృష్ణుడు రుక్మిణికిచ్చాడు. సత్యభామ అలిగింది. ఆమెను ఊరడించుటకు కృష్ణుడు మరొక పువ్వు తెస్తాననలేదు, చెట్టునే తెస్తానన్నాడు. ఇంద్రునితో పోరి తెచ్చి ఆమె పెరటిలో నాటాడు. వాడని పువ్వైనా ఒక్క సిగకే అందం. చెట్టయితే తరతరాలకు పూస్తుంది.

మన పెద్దలు ఇక్కడ నాటినది అటువంటి చెట్టునే. అయితే నాటినవారు పోయిన తరువాత నీరు పోసేవారెవరు?

ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్లు ఊరివారి పిల్లలకు తెలుగు చెప్పిన నేను, నా పిల్లలకు ఇంట తెలుగు అక్షరాలు దిద్దించలేదు. నిరుడు సంక్రాంతికి మనుమడికి ఈ కథ చెప్పాను. “తాతా, పుస్తకమియ్యి, నేనే చదువుకొంటాను” అన్నాడు. ఇచ్చాను. కొంతసేపు పుటలు తిప్పి, మాట్లాడకుండా నా ఒడిలో పెట్టాడు. నేను వాడికి పువ్వునిచ్చానే గాని చెట్టునివ్వలేదని ఆనాడు తెలిసింది.

అప్పటినుండి ప్రతి ఆదివారం వాడికి పలక పట్టిస్తున్నాను. మొన్న ‘పారిజాతం’ అని తానే వ్రాశాడు. దీర్ఘం ఒకటి తప్పింది; నేను దిద్దలేదు, వాడే దిద్దుకొన్నాడు.

మీ పిల్లలు ఏ మాధ్యమంలో చదివినా సరే, వారానికొక గంట ఇంట తెలుగు చదివించండి. పూర్వవిద్యార్థులారా, వీలైనవారు ఈ బడికి వచ్చి ఒక కథ చదివి వినిపించండి. ఆ మాత్రం నీరు చాలు.

సెలవు.