సేవకు కూడా ట్రైనింగా?

పోయిన ఎపిసోడ్‌లో మాటల మధ్య ఒక సంగతి చెప్పిన. శనివారం పొద్దున చర్చిలో సరుకులు పంచే పనికి పోతానని, దానికి ముందు ట్రైనింగ్ తీసుకున్నానని. దాని మీద చాలా వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. అందరూ తిప్పి తిప్పి అడిగింది ఒక్కటే: "ఫ్రీగా సేవ చేస్తామంటే ట్రైనింగ్ ఏంది? రికార్డు చెకింగ్ ఏంది?" దమ్మాం నుంచి ఒక తమ్ముడైతే "మనల్ని నమ్మరా అన్నా వాళ్లు?" అని నిలదీసిండు. ఇయ్యాల దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఈ చర్చి ఏదో చెప్పాలి. నేనుండేది న్యూజెర్సీలో. నేను పోయేది ఎపిస్కోపల్ చర్చి, అంటే అమెరికాలోని ఆంగ్లికన్ సంఘం. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో మన సీఎస్ఐ ఏర్పడినప్పుడు కలిసిన సంఘాల్లో ఆంగ్లికన్లు కూడా ఉన్నారు. అందుకని వీళ్లకూ మనకూ చుట్టరికం ఉంది. నేను పుట్టింది డోర్నకల్ అధ్యక్ష మండలంలోని ఒక పల్లెలో. 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య గారు పనిచేసింది అక్కడే. ఆయన తమిళాయన. మన తెలుగు నేర్చుకుని పల్లెపల్లె తిరిగిండు. ఇక్కడ మా రెక్టర్ ఆడమనిషి. మా అమ్మకు ఫోన్‌లో "మా అమ్మగారు ప్రసంగం చెప్పింది" అంటే, "అయ్యగారికి ఒంట్లో బాగలేదా?" అని అడిగింది. అయ్యగారి భార్య కాదమ్మా, ఆమెనే అయ్యగారు అని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. 2013లో నంద్యాలలో పుష్పలలిత గారు బిషప్ అయిన సంగతి గుర్తు చేస్తే అప్పుడు ఒప్పుకుంది.

మీలో గుడికి పోయేవాళ్లు, మసీదుకు పోయేవాళ్లు ఉన్నారు. మా ఫుడ్ ప్యాంట్రీలో పనిచేసే తెలుగువాళ్లలో కూడా సగం మంది హిందువులే. మతం ఎవరూ అడగరు. వారం పొడుగునా ఆ బిల్డింగ్‌లో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. కింద హాల్లో తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగ్, ఇంకో సాయంత్రం కొత్తగా వచ్చినవాళ్లకు ఇంగ్లీష్ క్లాసు, శనివారం సరుకులు.

ఇక ట్రైనింగ్. పిల్లల దగ్గర పనిచేసేవాళ్లు తప్పకుండా చేయాల్సింది సేఫ్ చర్చ్ ట్రైనింగ్. ఆన్‌లైన్‌లో వీడియోలు, మధ్యమధ్యలో ప్రశ్నలు. దాంతోపాటు పాత రికార్డు చూస్తారు. రూల్స్ వింటే మనకు వింతగా ఉంటుంది. పిల్లలతో పెద్దమనిషి ఒక్కడే గదిలో ఉండకూడదు, ఇద్దరుండాలి. తలుపుకు అద్దమన్నా ఉండాలి, లేకుంటే తలుపు తెరిచి పెట్టాలి. వాళ్ల అమ్మానాన్నలను అడగకుండా ఫోటో పెట్టకూడదు. టీనేజీ పిల్లలకు విడిగా మెసేజ్‌లు పంపకూడదు. మనమేమో ఎవరి బిడ్డ కనబడ్డా బుగ్గ గిల్లి ఎత్తుకునే జాతి! గుంటూరు వైపు మిత్రుడొకాయన ఆ ఫారం చూసి, "నేనేమన్నా దొంగనా?" అని లేచి వెళ్లిపోయాడు.

ఆయనకు నేను సైట్ భాషలోనే చెప్పిన. ఇక్కడ కన్‌స్ట్రక్షన్‌లో ఆరు అడుగులు, అంతకంటే పైన పని అంటే కిందపడకుండా ఏర్పాటు ఉండాలని ఓషా రూల్. ఇరవై ఏళ్ల నుంచి పరంజా ఎక్కుతున్న మేస్త్రీ అయినా సరే, హార్నెస్ కట్టాల్సిన చోట కట్టాల్సిందే. "నాకు పని రాదా?" అని ఆయన అలిగితే నేను పైకి పంపను. హార్నెస్ కట్టమంటే నీకు పని రాదని కాదు కదా. చర్చి సంగతీ అంతే. 2002లో బోస్టన్ గ్లోబ్ పత్రిక క్యాథలిక్ చర్చిలో పిల్లలపై జరిగిన అఘాయిత్యాలను, వాటిని పెద్దలు దాచిపెట్టడాన్ని బయటపెట్టింది. దీనికి ఏ శాఖా మినహాయింపు కాదు, ఎపిస్కోపల్ వాళ్లలోనూ కేసులున్నాయి. చెడు చేసినవాళ్లు ముసుగేసుకొని రాలేదు. అందరూ నమ్మినవాళ్లే, పిల్లలంటే ప్రాణం అన్నవాళ్లే. అందుకే నమ్మకం మీద నడపకుండా రూల్ మీద నడుపుతున్నారు. మన దగ్గర హాస్టళ్లలో, సండే స్కూళ్లలో ఎవరన్నా ఇట్లా అడిగారా? "ఆయన పెద్దాయన" అంటే అయిపోయింది. నా బిడ్డను పంపే చోట ఇద్దరు పెద్దవాళ్లు ఉంటారని తెలిస్తే నాకు నిద్ర పడుతుంది.

ట్రైనింగ్‌లో లోపాలు లేవని కాదు. స్పానిష్‌లో ఉంది, తెలుగులో లేదు. ఇంగ్లీష్ గబగబా పోతుంది. వరంగల్ అక్క ఒకామె, అరవై దాటింది, కొడుకు దగ్గర ఉంటుంది. ఆమెకు వీడియో ఆపుతూ, తెలుగులో చెప్పుకుంటూ పూర్తి చేయించేసరికి ఆదివారం మధ్యాహ్నమంతా పోయింది. కానీ చివర్లో ఆమె, "ఇది మా ఊళ్లో చెప్పాల్సిన సంగతి బిడ్డా" అన్నది. ఇంకేం మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

ప్యాంట్రీలో ట్రైనింగ్ వేరే. గవర్నమెంట్ సరుకులు పంచేచోట వాలంటీర్లకు పౌరహక్కుల పాఠం ఉంటుంది. రంగు, దేశం, మతం చూసి తేడా చేయకూడదు. లైన్లో నిలబడ్డ మనిషిని కాగితాలున్నాయా, ఎందుకు వచ్చావు అని గుచ్చి అడగకూడదు. తెలిసినవాళ్లు కనబడితే పేరు పెట్టి పిలవకూడదు. ఇక్కడ ఎవరిని చూశావో బయట చెప్పకూడదు. ఈ చివరి రెండూ విన్నప్పుడు ఇంత చిన్న విషయానికి పాఠమా అనిపిస్తుంది.

ఒక శనివారం లైన్లో ఒక తెలుగు పిల్లగాడు కనబడ్డాడు. ఏ ఊరు, ఏ ఏడాది అనేది చెప్పను. చదువుకోడానికి వచ్చి, పని దొరక్క చిక్కుల్లో పడ్డట్టున్నాడు. అంతకుముందు ఒక పెళ్లిలో చూసిన, నాతో కలిసి అన్నం తిన్నాడు. నన్ను చూడగానే వాని మొహం మాడిపోయింది. వెనక్కి తిరగబోయిండు. మన అలవాటు ప్రకారమైతే "ఏం తమ్మీ, ఇక్కడున్నవేంది, నాన్న బాగున్నడా?" అని భుజం మీద చెయ్యేస్తం. ప్రేమతోనే వేస్తం. వాడు మళ్లీ ఆ గేటు తొక్కడు. నేను పక్కనున్న అమెరికన్ ఆవిడకు బల్ల అప్పజెప్పి, అట్టపెట్టెలు కోసే పనికి వెనక గదిలోకి పోయిన. వాడు ఆగిండు. బియ్యం, శనగలు, కోడిగుడ్లు తీసుకుని పోయిండు. తర్వాత ఇంకో రెండు శనివారాలు వచ్చిండు, రెండుసార్లూ నేను వెనక గదిలోనే ఉన్న. ఆ తర్వాత రాలేదు. పని దొరికిందనే అనుకుంటున్న.

బిల్డింగ్ పని చేసేవాళ్లం కాబట్టి ఒకటి చెప్పాలి. న్యూయార్క్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ పక్కనే 1766 నాటి సెయింట్ పాల్స్ చాపెల్ ఉంది, ఎపిస్కోపల్ వాళ్లదే. 2001 సెప్టెంబర్ 11 తర్వాత దాదాపు తొమ్మిది నెలలు అది మన పనివాళ్ల విడిది. శిథిలాలు తీసే ఇనుప పనివాళ్లు, ఫైర్‌మెన్, పోలీసులు అక్కడే తిన్నారు, బెంచీల మీదనే పడుకున్నారు. వందల మంది వాలంటీర్లు వంతులేసుకుని రాత్రింబగళ్లు చూసుకున్నారు. జార్జ్ వాషింగ్టన్ కూర్చున్న చోటనే డాక్టర్లు పనివాళ్ల పాదాలకు వైద్యం చేశారు. ఎనిమిది గంటలు బూట్లలో ఉన్న పాదం ఎట్లుంటదో మీకు చెప్పనక్కర్లేదు. బూట్లు, బెల్టులు గీరుకుని బెంచీలకు పడ్డ గీతలను చాలా ఏళ్లు చెరపకుండా అలాగే ఉంచారు.

ఓడల మీద పనిచేసే మన విశాఖ, శ్రీకాకుళం తమ్ముళ్ల కోసం ఇంకో మాట. మా పక్కనే పోర్ట్ న్యూఆర్క్‌లో సీమెన్స్ చర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1834లో మొదలైంది, ఎపిస్కోపల్ వాళ్లతో సంబంధమున్నదే. వాళ్లు ఓడల్లోకి వచ్చి పలకరిస్తారు, దిగడానికి అనుమతి ఉన్నవాళ్లను వ్యాన్‌లో షాపులకు తీసుకుపోతారు. వీసా లేక ఓడ దిగలేనివాళ్ల దగ్గరికి వాళ్లే వస్తారు. 1898 నుంచి వాలంటీర్లు ఇంట్లో కూర్చుని అల్లిన ఊలు టోపీలు, మఫ్లర్లు క్రిస్మస్‌కు నావికులకు ఇస్తున్నారు. ఇచ్చినప్పుడు మొహమాటపడకుండా తీసుకోండి.

వీసా సంగతి కూడా చాలామంది అడిగారు. నేను లాయర్‌ను కాదు, అనుమానముంటే లాయర్నే అడగండి. నాకు తెలిసింది చెప్తున్న. జీతం లేకుండా, స్వచ్ఛంద సంస్థలో, ఎవరికీ డబ్బులిచ్చి చేయించని పని చేయడం సేవ. సరుకులు పంచడం అట్లాంటిదే. కానీ "నీకు కార్పెంట్రీ వచ్చు కదా, కప్పు బాగుచేసి పెట్టు, భోజనం పెట్టి ఖర్చులకు ఏదన్నా ఇస్తాం" అంటే జాగ్రత్త. అది కూలికి చేయించే పని, అది చేస్తే వీసాకు చిక్కు రావచ్చు. రికార్డు చెకింగ్ ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబర్ అడిగే అవకాశముంది. ఇవ్వడం ఇష్టం లేకపోతే పిల్లలతో సంబంధం లేని పని అడగండి. మా దగ్గర పెట్టెలు మోసేవాళ్లకు, బియ్యం పొట్లాలు కట్టేవాళ్లకు ఆ చెకింగ్ లేదు.

పోవాలనుకుంటే ఆదివారం ఆరాధన అవుతున్నప్పుడు పోకండి, ఎవరికీ తీరిక ఉండదు. మామూలు రోజు ఆఫీసుకు ఫోన్ చేసి, వాలంటీర్లను చూసుకునేది ఎవరని అడగండి. మా దగ్గర లారీ ఏడున్నరకు వస్తుంది. చెప్పులతో వస్తే లోపలికి రానియ్యరు, ముందు మూసి ఉన్న బూట్లు వేసుకుని రండి. గుంటూరు మిత్రుడు కూడా ఇప్పుడు వస్తున్నాడు. పిల్లల క్లాసుకు కాదు, లారీ దించడానికి. ఫారం ఇంకా నింపలేదు.