పరీక్ష యెందులకు?

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన సంఘములన్నియు విద్యాభివృద్ధినే ప్రధానాశయముగా నెన్నుకొన్నవి. వసతిగృహములు, విద్యార్థివేతనములు, బంగారు పతకములు దాతల యౌదార్యమునకు సాక్ష్యములు. అయితే వీనిని పంచుటకు మనము వాడు కొలబద్ద యొక్కటే. అది పరీక్షలో వచ్చిన మార్కు. ఆ కొలబద్ద దేనిని కొలుచుచున్నదో, దేనిని కొలువజాలకున్నదో మీ సన్నిధిని విచారింపదలచితిమి.

పరీక్ష మనకు క్రొత్త కాదు. వీథిబడిలో బాలుడు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్ది, పాఠము నొప్పజెప్పిన పిమ్మటనే తరువాతి పాఠమునకు పోయెడివాడు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పెడివారు. చెన్నపట్టణమున ఈ పద్ధతిని చూచిన ఆండ్రూ బెల్ దొర 1797లో ఇంగ్లండున దానినిగూర్చి గ్రంథము ప్రకటించెను. అయినను లోపము లేకపోలేదు. సర్ తామస్ మన్రో 1822లో ఆరంభించిన విచారణకు ప్రత్యుత్తరముగా బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో, ఆ జిల్లాలో 533 బడులు కలవనియు, పిల్లలు అర్థము తెలియకయే పద్యములు వల్లించుచున్నారనియు తెలిపెను. ఒప్పజెప్పుట దినదినమును జరిగినది. గ్రహించితివా యని యడుగుట జరుగలేదు.

పిదప 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము వెలసెను. దాని మెట్రిక్యులేషను పరీక్ష ఉద్యోగములకు ద్వారమయ్యెను. అంతట పరీక్ష గురువు చేతినుండి జారి, కానరాని పరీక్షాధికారి చేతిలో పడెను. క్రింది తరగతులలో చేరిన బాలురలో పెక్కురు పైకి పోలేదు. 1922-23లో మొదటి తరగతి చదివిన ప్రతి 100 మందిలో 20 మందియైనను 1925-26 నాటికి నాల్గవ తరగతికి చేరలేదని 1929లో హార్టాగ్ సంఘము తేల్చినది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతను 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, తాము ఒకే సంస్కరణమును సూచింపవలసివచ్చినచో అది పరీక్షల సంస్కరణమే యని చెప్పినది.

విద్యాహక్కు చట్టము 2009లో పుట్టి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. అది నిరంతర సమగ్ర మూల్యాంకనమును విధించి, ఎనిమిదవ తరగతి ముగియువఱకు ఎవ్వరిని ఆపరాదనెను. 2019లో చట్టమును సవరించి, ఐదు, ఎనిమిది తరగతులలో ఆపు నధికారమును రాష్ట్రముల కిచ్చిరి. ఆపవలెనా, ఆపవలదా యన్న వాదమే మిగిలినది గాని, బాలుడు ఎచ్చట తడబడుచున్నాడో యెవరు చూడవలెనన్న ప్రశ్న మఱుగుపడినది. 2024 అసర్ సర్వేలో గ్రామీణ భారతమున ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు సగమునకు లోపుగనే యుండిరి. పై తరగతికి పంపినంత మాత్రమున చదువు రాదు. క్రింది తరగతిలో నిలిపినంత మాత్రమునను రాదు.

ఒక చిన్న లెక్కను చూడుడు. 52 నుండి 38 తీసివేయుమన్నాము. ఒక బాలిక 26 అని వ్రాసినది. ఒక బాలుడు 24 అని వ్రాసినాడు. ఇరువురకును సున్నయే. కాని బాలిక ప్రతిస్థానమునందును పెద్ద యంకెనుండి చిన్న యంకెను తీసివేసినది. ఆమెకు స్థానవిలువయే తెలియదు. బాలుడు పదిని అప్పు తెచ్చుకొన్నాడు. పదుల స్థానమున దానిని తగ్గించుట మఱచినాడు. వానికి ఒక్క మాట చాలును. ఆమెకు పుల్లలు కట్టలు గట్టి చూపుచు వారము దినములు నేర్పవలయును. ఈ భేదమును సున్న చెప్పజాలదు, గురువు చెప్పగలడు.

ఇది మా యూహ మాత్రమే కాదు. 1988లో రూత్ బట్లర్ అను విదుషి ప్రకటించిన పరిశోధనలో కొందఱు బాలబాలికలకు మార్కులు మాత్రము, కొందఱకు వ్యాఖ్య మాత్రము, కొందఱకు రెండును ఇచ్చిరి. వ్యాఖ్య మాత్రము పొందినవారు అభివృద్ధి నొందిరి. రెండును పొందినవారికి ఆ మేలు కలుగలేదు. మార్కు కనబడినచో వ్యాఖ్యవైపు చూపు పోదు కాబోలు.

ఇక ఉపాధ్యాయ శిక్షణమును గూర్చి. మన తెలుగు రాష్ట్రములలో నిర్మాణాత్మక మూల్యాంకనమునకు పిల్లల భాగస్వామ్యము, రాతపనులు, ప్రాజెక్టు పనులు, లఘుపరీక్ష అని నాలుగు సాధనములు చెప్పిరి. సంకల్పము మంచిదే. కాని పలుచోట్ల అది రికార్డులు నింపు పనిగా మాఱినది. ఉపాధ్యాయ అర్హత పరీక్షయో, 150 ప్రశ్నలకు సరియైన సమాధానమును గుర్తించు పరీక్ష. ఒక విద్యార్థి నోటుపుస్తకమును చదివి తప్పునకు మూలమును కనుగొను నేర్పును అది కొలువదు. ఆ నేర్పు బోధనాభ్యాసమునందే అలవడవలయును. ప్రతి ఛాత్రోపాధ్యాయుడును పాఠము చెప్పుటతో పాటు, ముప్పది నోటుపుస్తకములలోని తప్పులను జాతులుగా విడదీసి, మఱునాటి పాఠమును దానినిబట్టి దిద్దుకొనుట అభ్యసింపవలెను.

సంపన్నుల యింట బిడ్డకు సున్న వచ్చినచో, ఎందుకు వచ్చినదో చెప్పుటకు తండ్రియో, ప్రైవేటు మాస్టరో కలడు. మన వసతిగృహములలోని బిడ్డలలో పెక్కురు తమ యింట మొట్టమొదట బడికి వచ్చినవారు. వారి తల్లిదండ్రులకు చేరునది సున్న యొక్కటే. అది చూచి వారు “మావానికి చదువబ్బదు” అని నిశ్చయించి, బిడ్డను కూలికి పంపుదురు. లేదా పెండ్లి చేయుదురు. ఆ బిడ్డకు చదువు అబ్బకపోలేదు. తప్పు ఎచ్చటనో చెప్పినవారు లేకపోయిరి.

కావున సంఘమునకు మూడు విన్నపములు. మొదటిది: వసతిగృహమునందు ఏడాది మొదట ప్రతి బిడ్డచేతను ఒక పేరా చదివించి, నాలుగు లెక్కలు చేయించి, మార్కు వేయక, రానిదేమో వ్రాసియుంచవలయును. మూడునెలల కొకసారి తిరిగి చూడవలయును. రెండవది: అగ్రస్థానమునకు పతకమున్నట్లే, ఏడాదిలో మిక్కిలి ముందుకు వచ్చిన బిడ్డకును ఒక బహుమానము నేర్పఱుపవలయును. మూడవది: ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న మన యువతీయువకులకు వేతనమిచ్చునపుడు, సెలవులలో వసతిగృహపు పిల్లల నోటుపుస్తకములు చూచి సాయపడుమని కోరవలయును.

వీనికి భవనములు అక్కఱలేదు, పెద్ద నిధులును అక్కఱలేదు. ఒక నోటుపుస్తకము, ఒక గంట కాలము, బిడ్డ ప్రక్కన కూర్చుండు ఒక మనుష్యుడు చాలును. దాతలు ఈ స్వల్పవ్యయమును తలకెత్తుకొందురుగాక యని ప్రార్థించుచున్నాము.