మనసులోని ఉద్దేశం – కాగితం మీది సాక్ష్యం
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను న్యాయవాదిని కాను. క్రిమినల్ కోర్టులో గుమాస్తాగా ఫైళ్ళు మోసినవాణ్ణి. ఆ అనుభవంతో నాలుగు మాటలు మనవి చేస్తాను.

మనిషి పోయాడు. అది హత్యా, అజాగ్రత్తా? చట్టం ముందుగా చేసినవాడి మనసు చూస్తుంది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చినా ఈ సూత్రం మారలేదు.

మరి మనసులో ఏముందో కోర్టుకు ఎలా తెలుస్తుంది? చేసిన పనిని బట్టి. గుంటూరు జిల్లాలో ఒకాయనను బరువైన కర్రలతో కాళ్ళమీద, చేతులమీద చితకబాదారు. మర్నాడు తెల్లవారుజామున ఆయన చనిపోయారు. ఆయువుపట్టు మీద కొట్టలేదు గనుక హత్య కాదన్నది హైకోర్టు. 1976లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ దెబ్బలు కావాలనే కొట్టారు, అన్నీ కలిస్తే ప్రాణం తీయడానికి చాలినవే, కనుక హత్యే అని తీర్పు చెప్పింది.

డబ్బు వ్యవహారమూ అంతే. నేను కొత్తగా జరిమానాల క్యాషు చూస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం 60 రూపాయలు తక్కువ వచ్చింది. గుట్టుగా చేతినుంచి వేసేద్దామనుకున్నాను. మా హెడ్ గుమాస్తాగారు, "ముందు కాగితం పెట్టవయ్యా, తర్వాత డబ్బు పెట్టు" అన్నారు. అలాగే చేశాను. ఆడిట్‌లో ఆరా తీసినప్పుడు ఆ నోటే నన్ను కాపాడింది. లేకపోతే నా పొరపాటు దురుద్దేశమై కూర్చునేది.

ఇక మన ఇళ్ళ సంగతి. పెన్షనరు గతించాక కూడా ఒక్కోసారి ఖాతాలో పెన్షను పడుతుంది. పడినంత మాత్రాన ఇంటివాళ్ళది నేరం కాదు. మనది కాదని తెలిసీ ఏటీఎం కార్డుతో తీసి వాడుకుంటే మాత్రం ఉద్దేశమేమిటన్న ప్రశ్న తప్పదు. మరణవార్త వెంటనే బ్యాంకుకు, ట్రెజరీకి రాతపూర్వకంగా తెలిపి, అందినట్టు సంతకం తీసుకొని భద్రపరచమని మీ పిల్లలకు చెప్పండి.

మా అబ్బాయికి చెబితే, "ఇప్పుడెందుకు నాన్నా ఆ మాటలు?" అన్నాడు. ఇప్పుడే చెప్పాలి నాయనా, అప్పుడు చెప్పడానికి నేనుండను గదా!