ఆర్లింగ్టన్ రో: కొట్టు ఇళ్లయిన కథ

ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో, కోల్న్ నది ఒడ్డున బైబరీ అనే పల్లె ఉంది. ఇంగ్లండ్‌లోకెల్లా అందమైన పల్లె ఇదేనన్నాడు కవీ రూపకర్తా అయిన విలియమ్ మోరిస్. అక్కడి ఆర్లింగ్టన్ రో అనే ఇళ్ల వరుస బొమ్మ బ్రిటిష్ పాస్‌పోర్టులోకి కూడా ఎక్కింది. నిజానికి ఇవి ఇళ్లుగా పుట్టినవి కావు. సుమారు 1380లో ఒక మఠం వారి ఉన్ని నిల్వకోసం లేచిన పొడవాటి కొట్టు ఇది. 17వ శతాబ్దం చివర్లో దాన్ని విడగొట్టి నేతగాళ్ల కాపురాలకు అనువుగా మార్చారు. ఈ వరుసకున్న అందమంతా ఆ మార్పులోంచే వచ్చిందని నా వాదన.

ముందు కప్పు సంగతి చూద్దాం. గోడలకూ కప్పుకూ వాడింది ఆ ప్రాంతపు సున్నపురాయే. రాతి పలకలు నునుపుగా ఉండవు, నీటిని కొంత పీలుస్తాయి కూడా. వాన నీరు నిలవకుండా జారిపోవాలంటే కప్పు బాగా ఏటవాలుగా ఉండాలి. చూరు దగ్గర పెద్ద పలకలు పరిచి, పైకి పోయేకొద్దీ చిన్నవి వేస్తారు. బరువైనవి గోడకు దగ్గరగా ఉంటాయి, కొప్పు దగ్గర భారం తగ్గుతుంది, గనిలో దొరికిన చిన్న ముక్క కూడా వృథా పోదు. దూరం నుంచి చూసినప్పుడు కంటికి ఇంపుగా తోచే ఆ క్రమం పనివాడి లెక్క. పై అంతస్తుకు వెలుతురు కావలసివచ్చి కప్పులోంచి ముక్కోణపు ముఖాలతో కిటికీలు లేపారు. కొట్టు పొడవూ కిటికీల ఎగుడుదిగుడులూ కలిసి ఈ వరుసకు లయ తెచ్చాయి.

గోడల దగ్గరే ఆగితే సగమే చూసినట్టు. ఇళ్ల ముందున్న తడి పచ్చిక నేల పేరు ర్యాక్ ఐల్. ఇక్కడ నేసిన గుడ్డ ఆర్లింగ్టన్ మిల్లుకు వెళ్లి నీళ్లలో దంపుడుకు గురై చిక్కబడేది. తర్వాత ర్యాక్ ఐల్‌లో చట్రాల మీద ఆరేది. నదీ మిల్లూ పచ్చికా ఇళ్లూ ఒకే పనికి నాలుగు అంగాలు.

17వ శతాబ్దం వాళ్లు మధ్యయుగపు కట్టడాన్ని పాడుచేశారనీ, తొలి రూపమే అసలుదనీ అనేవారు ఉండవచ్చు. మోరిస్ 1877లో పురాతన కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించింది సరిగ్గా ఈ ధోరణిని ఎదిరించడానికే. ఒక కాలాన్ని నిలబెట్టడానికి మరో కాలాన్ని చెరిపేస్తే మిగిలేది కల్పన. ఇంతకంటే బరువైన ఆక్షేపణ ఒకటుంది: ఇరుకు గదుల్లో పేదలు పడ్డ పాట్లను అందమని మెచ్చుకోవడం న్యాయమా? న్యాయం కాదు. అందుకే నేను మెచ్చేది ఆ ఇరుకును కాదు, ఉన్నదాన్ని కూల్చకుండా అవసరానికి మలుచుకున్న నేర్పును.

ఇంటిని దాని చోటు నుంచి విడదీస్తే ఏం పోతుందో చూడండి. కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్, బైబరీకి దగ్గర్లోని చెడ్‌వర్త్ నుంచి ఒక పాత ఇంటిని కొని, విప్పించి, 1930లో అమెరికాలోని మిషిగన్‌కు తరలించాడు. రాళ్లన్నీ చేరాయి. ఆ రాళ్లను ఇచ్చిన కొండా, ఇంటి చుట్టూ ఉన్న ఊరూ ఇంగ్లండ్‌లోనే ఉండిపోయాయి. ఆర్లింగ్టన్ రోతో పాటు ర్యాక్ ఐల్‌ను కూడా నేషనల్ ట్రస్ట్ అనే వారసత్వ సంరక్షణ సంస్థ చూసుకోవడం ఇందుకే సరైన పని. అక్కడ ఇప్పుడు గుడ్డలు ఆరకపోయినా, ఆ తడి నేలను ఖాళీ స్థలంగా లెక్కగట్టకూడదు.