పాత ఉత్తరములలో మన సంఘచరిత్ర



ఎస్తేరు గ్రంథము 6వ అధ్యాయములోని సంగతి మీరెరుగుదురు. నిద్రరాని రాత్రి రాజునకు పాత వృత్తాంతములు చదివి వినిపించగా, మరచిపోయిన మొర్దెకై మేలు బయటపడెను. వ్రాసి యుంచినవాడు ఒకడు, తెరచి చదివినవాడు మరియొకడు ఉండబట్టి ఆ మేలు మరుగున పడలేదు.

మన ప్రాంతపు తొలి సంఘచరిత్రయు అట్లే పాత కాగితములలో నున్నది. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరగార్లు తెలుగువారి మధ్య సేవకై వచ్చి మచిలీపట్నములో దిగిరి. నాటినుండి ఓడలమీద ఇంగ్లండు చేరిన ఉత్తరములే మన మొదటి ఆధారములు. వాటిలో కొన్ని చర్చి మిషనరీ సొసైటీవారి పత్రికలైన గ్లీనర్, ఇంటెలిజెన్సర్ మొదలగు వానిలో అచ్చయినవి. ఆ సొసైటీ పాత దస్తావేజులు ఇప్పుడు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయములో భద్రముగా నున్నవి.

అయితే ఉత్తరమును చేతబట్టినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఎవరు వ్రాసిరి? ఎవరికి వ్రాసిరి? ఎందుకు వ్రాసిరి? ఫాక్స్‌గారి జీవితచరిత్రను 1850లో ఆయన సహోదరుడే ప్రకటించెను. నోబుల్‌గారి చరిత్రను 1867లో ఆయన సహోదరుడే వ్రాసెను. ప్రేమగల చేతులు ఏరి కూర్చిన ఉత్తరములవి. మిషను పత్రికలను చదివినవారు చందాలిచ్చు దూరదేశపు విశ్వాసులు. కనుక అందులో అబద్ధమున్నదని కాదు గాని, అంతయు ఉన్నదని అనుకొనరాదు.

ఒక ఉదాహరణ చెప్పెదను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్నమును ఉప్పెన ముంచెను. మిషను ఉత్తరములు చదివిన, బడికి, మిషను ఇండ్లకు కలిగిన నష్టము కన్నులకు కట్టును. ప్రభుత్వ రికార్డులు చూచిన, దాదాపు 30,000 మంది మరణించిరని తెలియును. రెండును కలిపి చదివినప్పుడే ఆనాటి దుఃఖము మనకు అర్థమగును. ఆ తరువాతి కాలమునకు 1902లో అదే పట్టణమున మొదలైన కృష్ణాపత్రికవంటివి ఉపయోగపడును. ఊరి సంగతులను సంఘమునకు వెలుపలివారు ఎట్లు చూచిరో వాటిలో వెదకవచ్చును.

మరియొక మాట. 1852లో నోబుల్‌గారి బడినుండి బాప్తిస్మము పొందిన రత్నముగారి పేరు, భూషణముగారి పేరు చరిత్రలో నిలిచినవి. పల్లెలలోని మాలమాదిగ విశ్వాసులు అనేకచోట్ల ఉత్తరములలో వట్టి అంకెలైరి. రాఘవాపురపు పగోలు వెంకయ్యగారు అట్లు అంకెగా మిగిలిపోలేదు. నిజదేవుడెవరని ఏండ్ల తరబడి వెదకిన ఆ మాల పెద్ద 1859లో బెజవాడలో డార్లింగు దొరగారిని కలిసికొనెను. అనగా సువార్త మనయొద్దకు నడచివచ్చుట మాత్రమే కాదు, మనవారును దానికెదురుగా నడచిరి. దొరల ఉత్తరములనే మన వైపునుండి చదివిన, ఈ సత్యము కనబడును.

అంకెలైపోయిన మిగిలిన పెద్దల పేర్లు ఎక్కడ దొరకును? మన బాప్తిస్మపు, వివాహపు, సమాధి రిజిస్టర్లలో దొరకును. మీ యిండ్లలోని ట్రంకుపెట్టెలలో దొరకును. ఇక్కడ నా తప్పు ఒప్పుకొనవలెను. నా మొదటి పాస్టరేటులో చెదలు పట్టిన కాగితముల కట్టను పనికిరానిదని కాల్పించితిని. సగము కాలిన ఒక పుటమీద స్త్రీల పేర్లు వరుసగా కనబడెను. చేయి పెట్టులోపల అదియు బూడిదయ్యెను. ఆ తల్లులెవరో ఈనాటికిని నాకు తెలియదు. వేదాంత కళాశాలలో సంఘచరిత్ర చదివి వచ్చినవాడనే నేను!

కాబట్టి మిమ్మును బ్రతిమాలుకొనుచున్నాను. పాత ఉత్తరము, ఫోటో, రసీదు, కానుకల లెక్క ఏది దొరికినను పారవేయకుడి. తడి తగలనిచోట ఉంచుడి. ఫోటో తీయించి నకలు సంఘమునకిచ్చి, మూలప్రతిని మీయొద్దనే దాచుకొనుడి. దానిపై ఏమియు వ్రాయక, వేరొక కాగితముమీద ఎవరిది, ఏ ఊరిది, ఎవరు చెప్పిరి అని వ్రాసి జతపరచుడి. వృద్ధులు జ్ఞాపకము చేయు సంగతులను ఈ వారమే వ్రాసికొనుడి.

మన పెద్దల పేర్లు జీవగ్రంథములో ఉన్నవని నమ్ముచున్నాము. మన రిజిస్టర్లలో కూడ వాటిని నిలుపుట మన పని. ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.