రబ్బరు తోట నుంచి మైక్రోస్కోపు దాకా
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)

మేము సాయంత్రపు తరగతుల్లో నేర్చుకొన్న తెలుగుతో మాట్లాడుతున్నాము, తప్పులుంటే మన్నించండి.

ఆడవాళ్ళు ఈ మధ్యనే గదా పనికి వచ్చింది అని మన పిల్లలు అంటూ ఉంటారు. కెడా రబ్బరు ఎస్టేటుల్లో మన నాయనమ్మలు తెల్లవారకముందే పెరట్టుకు నిలబడి, కూలి తీసుకొన్నవారే. ఎండ ఎక్కితే చెట్టు పాలు కారడం తగ్గుతుంది గనుక చీకటితోనే పని. పసిబిడ్డను ఆయా కొట్టంలో వదలి, పాల బాల్చీలు కావడి వేసి మోసేవారు.

1972లో పెనాంగులోని బయాన్ లెపాస్‌లో స్వేచ్ఛా వాణిజ్య మండలం వెలిసింది. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు వచ్చాయి. మైక్రోస్కోపులో చూస్తూ, వెంట్రుక కంటె సన్నని బంగారు తీగను చిప్పుకు అతికించాలి. దానికి వయసు ఆడపిల్లలే కావాలన్నారు. ఓపిక, చిన్న వేళ్ళు అని కారణం చెప్పేవారు. తక్కువ జీతం సంగతి మాత్రం చెప్పేవారు కారు. (ఆ మాటకొస్తే మా పంతులమ్మలకు సమాన జీతం ఒప్పుకొన్నదీ 1969లోనే!) 1955 నాటి ఉద్యోగ చట్టం ప్రకారం ఫ్యాక్టరీలో ఆడవారు రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు పని చేయరాదు. షిఫ్టుల కోసం మినహాయింపులు ఇచ్చారు. ఆ నిషేధం 2023లో పూర్తిగా పోయింది.

మా అక్క మూడవ ఫారంతో చదువు మాని ఫ్యాక్టరీ బస్సు ఎక్కింది. మా నాన్న వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. మొదటి జీతం కవరు అమ్మ చేతిలో పెట్టిన తరువాత, రాత్రి షిఫ్టుకు టార్చిలైటు పట్టుకొని రోడ్డుదాకా తోడు వెళ్ళింది ఆయనే. మేము ఆరవ ఫారం చదివింది ఆ కవర్లతోనే.

1980 దశకంలో తీగ అతికించే పని యంత్రాలే చేయసాగాయి. ఒక్క మనిషి అనేక యంత్రాలను చూసుకోవచ్చు. అయితే యంత్రం మొరాయిస్తే సరిచేసే చదువు కావాలి. 1985 మాంద్యంలో చాలామందిని తీసివేశారు. అక్క కూడా ఇంటికి వచ్చింది. వాళ్ళు అడిగిన సర్టిఫికెట్టు ఆమె దగ్గర లేదు. మా దగ్గర ఉన్నది. ఈ మాట ఆమె ఎదుట ఇంతవరకు అనలేదు.

ఆ బస్సులు ఎక్కిన అక్కలు ఈ హాల్లో పదిమందికి తక్కువ ఉండరు. పిల్లలారా, భోజనాలప్పుడు పక్కన కూర్చొని అడగండి. మా అక్క మూడో వరుసలో ఉంది, కళ్ళజోడు పెట్టుకొన్నావిడ.