పొడిబారిన చర్మమునకు ఇంటి లేపనములు



మా కార్యక్రమమునకు వచ్చు ఉత్తరములలో కొన్నిటిని ఒకసారి చదివి ప్రక్కన పెట్టుటకు మనసొప్పదు. అట్టిదొకటి నెల్లూరు సముద్రతీరపు గ్రామమునుండి వచ్చినది. వ్రాసిన అమ్మాయికి త్వరలో పెండ్లి. ముఖము బిరుసెక్కి, ముక్కు ప్రక్కలను, పెదవుల చుట్టును తెల్లని పొట్టు లేచుచున్నదట. ఎవరో చెప్పగా శనగపిండిలో నిమ్మరసము పిండి, వరుసగా పది దినములు ఉదయము పూట పూసికొన్నదట. పొట్టు తగ్గకపోగా చెంపలు మండి నల్లని చారలు తేలినవట. “సముద్రపుగాలిలో ఇంత తేమ ఉండగా మాకు పొడిచర్మ మేమిటండీ? నేను చేసిన తప్పేమిటి?” అని రెండు ప్రశ్నలు వేసినది. నేటి ప్రసంగము ఆ రెండు ప్రశ్నలకు సమాధానము మాత్రమే.

మొదటి ప్రశ్న సమంజసమైనదే. కావలి మొదలుకొని పులికాటు వరకు గల తీరమున గాలిలో తేమకు కొరత లేదు. కాని చర్మము గాలిలోని తేమను త్రాగి బ్రతుకునది కాదు. తనలోని తేమను తాను కాపాడుకొనునది. మన ఊళ్ళలో వెదురుతడికకు మట్టి మెత్తి గోడ కట్టుట మీరు చూచియే యుందురు. చర్మపు పైపొర యించుమించు అట్టిదే. నిర్జీవములైన కణములు తడికవంటివి. వాని నడుమ మెత్తిన మట్టివంటిది కొవ్వు. ఆ కొవ్వు ఉన్నంతకాలము లోపలి నీరు బయటికి పోదు. అది కడుగుకొనిపోయిన నాడు తడిక సందులనుండి నీరు ఆవిరియై పోవును. అప్పుడు కణములు బిరుసెక్కి, అంచులు పైకి లేచి, పొట్టు రాలును.

మన తీరమున ఈ మట్టిని కడుగునవి పలుకలవు. వైశాఖ జ్యేష్ఠ మాసములలో పడమటినుండి వడగాలి వీచును. సముద్రపుగాలి తిరుగుటకు ఒక్కొక్కనాడు మధ్యాహ్నము దాటును. ఆ లోపల ఎండలో నున్నవారి ముఖము అప్పడమగును. చెమట, సముద్రపు తుంపర ఆరిన తరువాత ముఖముపై ఉప్పు మిగులును. చేపకు ఉప్పు ఎందులకు పట్టింతురో తీరవాసులకు నేను చెప్పనక్కరలేదు. వీని కన్నిటికంటె పెద్ద కారణము నూతినీరు. సముద్రమునకు దగ్గరగా నున్న నూతులలో చాలవరకు ఉప్పునీరే. ఆ నీటిలో సబ్బు నురుగు రాదు. తెల్లని తెట్టుగా విరిగి చర్మమున కంటుకొనును. నురుగు రాలేదని మరింత సబ్బు రుద్దుదుము. చర్మము స్వభావముచేత కొద్దిగా ఆమ్లగుణము కలది. మామూలు సబ్బు క్షారము. దినమునకు మూడు మారులు క్షారముతో తోమిన గోడకు మట్టి యెక్కడ నిలుచును?

ఇక రెండవ ప్రశ్న. ఆ అమ్మాయి చేసిన తప్పు ఆమె ఒక్కతెది కాదు. నిమ్మకాయలకు గూడూరు పేరుపడిన చోటు. చేతికందిన కాయను ముఖమునకు వాడుట సహజముగనే తోచును. కాని నిమ్మరసము మిక్కిలి తీక్ష్ణమైన ఆమ్లము. జిడ్డు ముఖమువారికే అది మండును. పొట్టు లేచిన ముఖమునకు చెప్పవలసిన దేమున్నది? అదిగాక నిమ్మజాతిలో, విశేషించి తొక్కులో, సూర్యకాంతి సోకినంతనే చర్మమును కాల్చు పదార్థములు కలవు. రసము పూసికొని ఎండలోనికి పోయినచో, రసము జారిన దారిని కాలిన మచ్చలు ఏర్పడి, తరువాత నల్లబడును. ఉత్తరములోని నల్లని చారలు ఇవియే కావచ్చునని నా ఊహ. శనగపిండి యన్ననో, నూనెను పీల్చుటయే దాని గుణము. ముల్తానీమట్టియు అంతియే. ఇవి జిడ్డు కారు ముఖములకు పనికివచ్చును. కొవ్వు చాలని చర్మమునుండి ఉన్న కొవ్వును గూడ పీల్చివేయుట ఏమి వైద్యము?

మరి మన పెద్దలు పిండితోనే నలుగు పెట్టిరి గదా యని మీ రడుగవచ్చును. ఇక్కడనే అసలు సంగతి యున్నది. భోగినాడు గాని, దీపావళినాడు గాని తలంటు ఎట్లు పోయుదురో తలచుకొనుడు. మొదట నూనె. వంటికి పట్టించి, మర్దించి, కొంతసేపు నాననిచ్చి, అటుపిమ్మట సున్నిపిండి. పిండి తీయునది పైన మిగిలిన నూనెను, దానితోపాటు మురికిని. చర్మములో ఇంకిన నూనె అక్కడనే యుండును. మనము ఈ కాలమున పిండిని ఉంచుకొని నూనెను విడిచితిమి. పైగా పిండి పూసి, అది ఎండి ముఖము బిగిసి, నవ్విన పగులునంతవరకు కూర్చుండుట గుణమని భ్రమపడుచున్నాము. ఎండు పిండి తనతో చర్మపు తేమను గూడ తీసికొనిపోవును. నేనును విశ్వవిద్యాలయములో చదువుకొను దినములలో ఇట్లే బిగబట్టి కూర్చున్నదానను. మా మేనత్త చూచి, “గోడకు సున్నము కొట్టినట్లున్నావే” యని నవ్వి, చెంపకు నువ్వులనూనె రాచినది. ఆమె యేమియు చదువుకొనలేదు.

కావున పొడిచర్మమునకు లేపన మెట్లు చేసికొనవలెనో చెప్పెదను. మొదట ముఖమును మంచినీటితో తడిపి, నాలుగైదు చుక్కల నువ్వులనూనె గాని కొబ్బరినూనె గాని తేలికగా పట్టింపుడు. పది నిమిషములైన పిమ్మట, మెత్తగా జల్లించిన పెసరపిండి రెండు చెంచాలు, పాలమీగడ రెండు చెంచాలు, తగినన్ని పాలు కలిపి, జారుగా నున్న ముద్ద చేసి పూయుడు. పిండి గరుకుగా నుండరాదు. పలుచని బట్టలో జల్లించుట మంచిది. ఎనిమిది, పది నిమిషములకు మించి ఉంచవద్దు. ఈలోపల ఆరుచున్నట్లు తోచిన తడిచేతితో అద్దుడు. తీయునప్పుడు రుద్దవలదు; నీటితో మెత్తబరచి జార్చివేయవలెను. మెత్తని బట్టతో నొత్తి, చర్మమింకను చెమ్మగా నుండగనే మరల రెండు చుక్కల నూనె రాయవలెను. లేపనముకంటె ఈ కడపటి నూనెయే ముఖ్యము. లోపలికి చేరిన తేమను అది మూతవలె కాపాడును. 2004లో ఫిలిప్పీన్స్ వైద్యులు పొడిచర్మము గల 34 మందికి కాళ్ళపై కొందరికి కొబ్బరినూనె, కొందరికి వైద్యశాలలలో వాడు ఖనిజతైలము రెండు వారములు రాయించి పరీక్షింపగా, రెండును సమానముగనే పనిచేసినవి. మన పెరటి చెట్టును మనము చిన్నచూపు చూడనక్కరలేదు.

వారమునకు ఒకటి, రెండు మారులకంటె లేపనము వలదు. నూనె మాత్రము ప్రతిదినము రాయవచ్చును.

పిండి యేదియు సరిపడనివారికి పిండిలేని పూతలు కలవు. తియ్యని పెరుగుపై మీగడ ఒక చెంచా, తేనె అర చెంచా కలిపి పూసినచో, పెరుగులోని ఆమ్లము నిమ్మవలె కరవక, లేచిన పొట్టును మెల్లగా వదలించును. తేనె నీటిని పట్టియుంచును. పుల్లబడిన పెరుగు పనికిరాదు. మిగులపండిన అరటిపండు ముక్కను కొబ్బరిపాలతో మెదిపి పూయుట మరియొక పద్ధతి. కలబంద వాడువారు ఒక జాగ్రత్త పాటింపవలెను. మట్టను కోసినంతనే పూయరాదు. కోసిన వైపు క్రిందికి వచ్చునట్లు పావుగంట నిలబెట్టిన పసుపుపచ్చని పసరు కారిపోవును. దురద కలిగించునది ఆ పసరే. కడిగి, తొక్కు తీసి, నీటివంటి గుజ్జును మాత్రము తీసికొనవలెను. మొలగొలుకులకు పేరుపొందిన సీమలో గంజి సంగతి మరువరాదు. పలుచని గంజిని చల్లార్చి, ఉప్పు వేయకముందే కొంత తీసి, సమముగా పాలు కలిపి ముఖమున కద్దిన మంట చల్లారును. ఇక వేసవిలో తాటిముంజలు తిని తొక్కులు పారవేయుదుము గదా! ముంజ లోపలి నీటిని చెమటకాయలపై రాచుట తీరమున పిల్లలకు గూడ తెలిసిన వైద్యము. అది చల్లదనమునకే గాని పొడిదనము తీర్చునది కాదు. నీరారిన పిమ్మట నూనెచుక్క రాయనిదే ఫలముండదు.

సున్నిపిండిలో వాసనకు వేయు దినుసులనుగూర్చి ఒక మాట. కచ్చూరములు, వట్టివేళ్ళు, ఎండిన గులాబిరేకులు సామాన్యముగా బాధింపవు. బావంచాలు మాత్రము, నిమ్మతొక్కువలెనే, ఎండ సోకిన చర్మమును కాల్చగల పదార్థము కలవి. బొల్లి వైద్యమునందు వానిని వాడుట ఆ గుణముచేతనే. కావున ముఖమునకు పూయు పిండిలో అవి వేయకుండుట మేలు. పసుపు వేయదలచినవారు కొమ్మును సానపై అరగదీసి చిటికెడు వాడుడు. అంగడి పొడులలో సీసము గల రంగు, మెటానిల్ ఎల్లో అను రంగు కలుపుట పలుమారులు బయటపడిన మోసము. ఎర్రచందనము వెలికొండలలో పెరుగుననుట నిజమే. ప్రభుత్వ అనుమతి లేక ఆ చెట్టు కొట్టుటయు, అమ్ముటయు నేరము. పైగా దాని గంధము తడియారిన చర్మమును బిగించునదే గాని మెత్తబరచునది కాదు. ముఖపు పొడులలో తళుకు కొరకు అభ్రకము కలుపుదురు. గూడూరు, సైదాపురముల గనులలో త్రవ్విన ఆ రాయి చెంపపై మెరయవచ్చును. చర్మమునకు దానివలన లాభము లేదు.

ఏ లేపనమైనను మొదట మోచేతి మడతలో రవ్వంత పూసి, రెండు దినములు చూచి, దురదగాని ఎరుపుగాని లేనిచో ముఖమునకు వాడుడు. పగుళ్ళనుండి రక్తము, రసి కారుచున్న యెడల ఏమియు పూయరాదు. పొట్టు లేచిన ప్రతి మచ్చయు పొడిచర్మము కాదు. అంచులు ఎర్రనై గుండ్రముగా వ్యాపించునది తామర కావచ్చును. మెడపై, వీపుపై చిన్నచిన్న తెల్లని మచ్చలుగా వచ్చు శోభి మన తీరపు ఉక్కలో మిక్కుటము. దానికి నూనె పూసినచో తగ్గుటకు మారుగా పెరుగును. రంగు తగ్గి, తాకినను గిల్లినను తెలియని మచ్చ యున్నచో ఒక్కదినమైనను ఆలస్యము చేయక ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. అది కుష్ఠు కావచ్చును. దానికి మందు ఉచితముగనే లభించును, మొదటనే మొదలిడినచో అవిటితనము రాకుండ నయమగును. ఒళ్ళంతయు పొడిబారి, దప్పిక, నీరసము, చలికి తాళలేకుండుట వంటివి తోడైనచో మధుమేహము, గొంతుగ్రంథి లోపము ఉన్నవేమో పరీక్ష చేయించుకొనవలెను. ఇవి మీగడతో తీరునవి కావు.

తెల్లబడుటకొరకు ఈ లేపనములు వాడదలచినవారికి నిరాశ తప్పదు. చర్మపు రంగును మార్చు శక్తి పెసరపిండికి లేదు, ఉండనక్కరయు లేదు. ఆ ఆశతోనే కొందరు పేరులేని క్రీములు కొని పూసికొని, మొదటి నెలలో మురిసి, ఆరవ నెలలో పలుచబడి ఎర్రబారిన ముఖముతో వైద్యుని వెదకుచున్నారు. వానిలో స్టిరాయిడు మందు కలిసియుండుట తరచు. 2018లో కేంద్రప్రభుత్వము అట్టి పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిర్దేశించినది. అంగళ్ళలో జరుగుచున్నది వేరు.

కొన్ని యేండ్ల క్రిందట ఇస్కపల్లి ఉప్పుకొఠారులలో పనిచేయు స్త్రీల మాటలను ధ్వనిముద్రణ చేయుటకు పోయితిని. ఎండలో ఉప్పు గుట్టలు తెల్లగా కన్నులు మిరుమిట్లు గొలుపుచుండెను. ముఖమునకు ఏమైన పూసికొందురా యని నేనడుగగా ఒకామె నవ్వి, “పిండీ గిండీ మాకేందమ్మా? ఇంటికి పొయ్యేటప్పటికి మొగమంతా ఉప్పే. బిందెలో మంచినీళ్ళు చెంబుడు పోసుకొని, రవ్వంత నూనె పూసుకుంటాం” అన్నది. ఆ స్త్రీల అరికాళ్ళు పగిలి యుండెను. ముఖములు మాత్రము అంతగా చెడలేదు. ఉప్పునీటి నూయి గల యిండ్లవారందరును చేయదగినది ఇదియే. స్నానము ఏ నీటితోనైన కానిండు, కడపట ముఖము కడుగుటకు త్రాగునీటి బిందెలోనుండి ఒక చెంబెడు నీరు తీసియుంచుకొనుడు. సబ్బు ముఖమునకు దినమున కొకసారి చాలును.

ఇక ఉత్తరము వ్రాసిన అమ్మాయికి. నిమ్మరసము, శనగపిండి నేడే మానవలెను. చెంపల మంట తగ్గువరకు పైని చెప్పిన లేపనములలో ఒక్కటియు వలదు. మంచినీరు, ఆ తడిమీద రెండు చుక్కల కొబ్బరినూనె, ఎండలోనికి పోవునపుడు తలపై కొంగు లేదా గొడుగు. మంట తగ్గనిచో చర్మవైద్యునికి చూపవలెను. నల్లని చారలు వాని యంతట అవియే పోవును. కాని కొన్ని వారములు, ఒక్కొక్కచో నెలలు పట్టును. పెండ్లినాటికి పూర్తిగా మాయమగునని నేను మాట ఈయలేను. పెండ్లికూతురిని చేయునాడు నలుగు పెట్టుటకు వచ్చు పిన్నమ్మలతో, వదినెలతో వాళ్ళమ్మ ముందుగనే ఒక మాట చెప్పియుంచవలెను: చేతులకు, కాళ్ళకు పిండి మీ ముచ్చట కొలది పెట్టుడు; ముఖమునకు నూనె మాత్రమే.